మొక్కలో, పశువులో, మనిషిలో రంగు ఎక్కడిది? – పామర్రు మాగాణుల నుంచి కొన్ని పరిశీలనలు

విజయవాడ – మచిలీపట్నం రహదారి మీద ఉన్న పామర్రు చుట్టుపక్కల వరి కోతలు ముగిసేసరికి మాగాణి అంతా మినుముతో నిండుతుంది. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు తడి నేల మీద వెదజల్లిన విత్తనం మోళ్ల మధ్య నుంచి మొలిచి, నేలలో మిగిలిన తేమతోనూ రాత్రి కురిసే మంచుతోనూ పంటకు వస్తుంది. గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమం కింద అక్కడ ఉంటున్న విద్యార్థులను చూడడానికి ఒక జనవరి ఉదయం వెళ్లినప్పుడు, ఒక రైతు మమ్మల్ని గట్టు మీద ఆపారు. నెల దాటిన చేనులో అక్కడక్కడ మొక్కలు దూరం నుంచే పసుపు రంగులో కనిపిస్తున్నాయి.

"ఏ మందు కొట్టమంటారో చెప్పండి సార్. కొట్లో రెండు డబ్బాలు ఇచ్చారు. ఒకటి అయిపోయింది, రంగు మాత్రం తిరగలేదు" అన్నారాయన.

విద్యార్థులనే చెప్పమన్నాను. ఒకరు నత్రజని లోపమన్నారు. మరొకరు ఇనుప ధాతు లోపమన్నారు. మూడో విద్యార్థిని ఏమీ అనకుండా వంగి, ఒక ఆకును తిప్పి చూసింది. ఆకు అడుగున తెల్లదోమలు ఉన్నాయి. పసుపు ఆకు అంతటా సమంగా లేదు. పచ్చని ముక్క పక్కన పసుపు ముక్క, దాని పక్కన మళ్లీ పచ్చని ముక్క. అది పల్లాకు తెగులు. అప్పటికే తెగులు సోకిన మొక్కను ఏ డబ్బా బాగు చేయలేదు.

ముగ్గురూ చూసింది ఒకే రంగు. రంగును తెగులు పేరుగానో లోపం పేరుగానో తీసుకున్నప్పుడే మొదటి ఇద్దరి వద్ద పొరపాటు జరిగింది. రంగు తెగులు కాదు, లోపమూ కాదు. అది ఒక పదార్థం ఉందనో, లేదనో, ఇప్పుడే పోయిందనో తెలిపే ఆనవాలు మాత్రమే. ఆ పదార్థాన్నే వర్ణద్రవ్యం అంటున్నాం. మొక్కలోనైనా, పశువులోనైనా, మనిషిలోనైనా వర్ణద్రవ్యాల కుటుంబాలు చాలా తక్కువ. వాటిని గుర్తుపట్టడం విస్తరణ శాస్త్రవేత్తకు పుస్తకాల పని కాదు, పొలం పని.

పచ్చ అంటే ఏ పచ్చ?

మన భాషలోనే ఒక చిక్కుంది. తెలుగులో 'పచ్చ' ఆకు రంగుకూ చెల్లుతుంది, పసుపు రంగుకూ చెల్లుతుంది. పచ్చని చేను అన్నా పచ్చకామెర్లు అన్నా మాట ఒకటే. ఫోన్లో రైతు "ఆకు పచ్చబడింది సార్" అన్నప్పుడు చేను కోలుకుందని అనుకోవాలో, పాడైందని అనుకోవాలో తెలియక తిరిగి అడగవలసి వస్తుంది. వరి పసుపు తిరిగినా, తుప్పు రంగుకు మారినా "ఎర్రబడింది" అనే ఒక్క మాటతో చెప్పడం డెల్టాలో మామూలే. కాబట్టి రంగు పేరు మీద ఆధారపడి ఫోన్లో మందు చెప్పడం ప్రమాదకరం. ఫొటోలో కూడా ఎండ వెలుగును బట్టి రంగు మారుతుంది.

అసలు విషయం ఏమిటంటే, ఆరోగ్యంగా ఉన్న ఆకులోనూ పసుపు ఉంటుంది. ల్యూటిన్, బీటా కెరోటిన్ వంటి కెరోటినాయిడ్లు ప్రతి ఆకుపచ్చని ఆకులోనూ పత్రహరితం పక్కనే పని చేస్తూ ఉంటాయి. కాంతిని అందుకొని పత్రహరితానికి అందించడం, మితిమీరిన కాంతి వల్ల కలిగే హానిని అడ్డుకోవడం వాటి పని. పత్రహరితం ఎరుపు, నీలం కాంతులను ఎక్కువగా పీల్చుకొని ఆకుపచ్చను వదిలివేస్తుంది. పరిమాణంలో అదే ఎక్కువ కనుక పసుపు కంటికి కనబడదు. పత్రహరితం తగ్గినప్పుడు అడుగున ఉన్న పసుపు బయటపడుతుంది. అంటే చేనుకు పసుపు రంగు 'రాలేదు', ఆకుపచ్చ 'పోయింది'. ఈ చిన్న భేదం అర్థమైతే రోగనిర్ధారణలో ప్రశ్న మారిపోతుంది. పసుపు ఎందుకు వచ్చిందని కాక, పత్రహరితం ఎక్కడ, ఏ వరుసలో పోయిందని అడుగుతాం.

ముదురు ఆకుల్లో ముందుగా పోతే నత్రజనిని అనుమానించాలి. నత్రజని మొక్కలో కదిలే పోషకం. చాలనప్పుడు ముదురు ఆకును కరిగించి లేత ఆకుకు పంపుతుంది. లేత ఆకుల్లో ముందుగా, అదీ ఈనెలు పచ్చగా ఉండి ఈనెల మధ్య భాగం పాలిపోతే ఇనుమును అనుమానించాలి. ఇనుము ఒకసారి ముదురు ఆకులో చేరాక అక్కడి నుంచి సులువుగా కదలదు. లేత ఆకు అంతా సమంగా పాలిపోతే గంధకం. ముదురు ఆకులో ఈనెల మధ్య పోతే మెగ్నీషియం. ఏ వరుసా లేకుండా ముక్కలు ముక్కలుగా పోతే వైరస్. ఇవన్నీ మొదటి సంవత్సరం విద్యార్థి పరీక్షలో రాసేవే. గట్టు మీద రైతు ఎదురుగా నిలబడినప్పుడు మాత్రం గుర్తుకు రావు.

నాకూ గుర్తుకు రాలేదు. ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్లలో, కాలువ నీరు ఆలస్యమైన ఒక ఖరీఫ్‌లో, మెట్టగా పోసిన వరి నారుమడి పాలిపోయిందని ఒక రైతు పిలిచారు. దూరం నుంచే చూసి యూరియా వేయమన్నాను. వారం తిరిగేసరికి కాలువకు నీరు వదిలారు. నారుమడి తడిసింది, నాలుగైదు రోజుల్లో పచ్చబడింది. పేరు యూరియాకు వచ్చింది, నాకూ వచ్చింది. చాలా కాలం తరువాత కాని, ఆనాటి లోపం ఇనుముదని నాకు అర్థం కాలేదు. ఆరిన నేలలో ఇనుము మొక్కకు అందని రూపంలో ఉంటుంది. నీరు నిలిచి నేలలో గాలి తగ్గగానే అది క్షయకరణం చెంది కరిగే రూపంలోకి వస్తుంది. నారును బాగు చేసింది నీరే. ఆ సంవత్సరం కాలువ మరో పది రోజులు ఆలస్యమై ఉంటే నారు పోయి ఉండేది, తప్పు నాదని అప్పుడైనా తెలిసేది. సరైన సలహా, లీటరు నీటికి 20 గ్రాముల అన్నభేది, 2 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి పిచికారీ చేయమనడం. అనుకోకుండా నెగ్గిన తప్పు సలహా మనకు ఏమీ నేర్పదు. అందుకే దీన్ని ప్రతి సంవత్సరం తరగతిలో చెబుతుంటాను.

దీనికి మరో వైపు కూడా ఉంది. ఆకుపచ్చ ఎంత చిక్కగా ఉంటే పంట అంత బాగున్నట్టని డెల్టా రైతు నమ్మకం. పక్క చేను తన చేను కంటే ఒక ఛాయ ముదురుగా కనబడితే మరో అరబస్తా యూరియా పడుతుంది. ఆ ముదురు ఆకుపచ్చ గింజగా మారదు. సుడిదోమకూ పాముపొడ తెగులుకూ ఆహ్వానంగా మారుతుంది, ఈదురుగాలికి చేను పడిపోతుంది. ఆకు రంగుల పట్టిక ఈ అలవాటును సరిదిద్దడానికి వచ్చిందే. నాటిన రెండు వారాల తరువాత నుంచి వారం పది రోజులకోసారి, పైనుంచి పూర్తిగా విచ్చుకున్న ఆకును మన నీడలో ఉంచి పట్టికతో పోల్చాలి. పది ఆకుల్లో ఆరు అంతకు మించి నిర్ణీత ఛాయ కంటే లేతగా ఉంటేనే నత్రజని వేయాలి. ఖరీదు లేని పరికరం. అయినా ప్రదర్శన క్షేత్రాల్లో తప్ప రైతు జేబులో నేను దాన్ని చూసింది అరుదు. ఇది రైతు లోపమని నేను అనుకోను. మనం పట్టికను పంచాము కాని, ఆకుపచ్చ ఎందుకు చాలు అనిపించాలో చెప్పలేదు.

గోంగూర కుండలో జరిగేది

పత్రహరితం అణువు నడుమ మెగ్నీషియం పరమాణువు ఒకటి ఉంటుంది. దాని చుట్టూ నాలుగు నత్రజని పరమాణువులు పట్టి ఉంచిన వలయం. ఆ మెగ్నీషియం ఊడితే ఏమవుతుందో చూడడానికి ప్రయోగశాల అక్కర్లేదు. గోంగూర ఉడికించినప్పుడు నిమిషాల్లో ఆకుపచ్చ పోయి ముదురు ఆలివు రంగులోకి వస్తుంది. గోంగూరలోని ఆమ్లం వేడికి మెగ్నీషియాన్ని తొలగించి ఆ స్థానంలో హైడ్రోజన్‌ను నిలుపుతుంది. పులుపు లేని తోటకూర అదే మంట మీద అంత త్వరగా రంగు మారదు. విద్యార్థులకు పత్రహరితం నిర్మాణం బోధించేటప్పుడు నల్లబల్ల మీద వలయాన్ని గీయడానికి ముందు ఈ రెండు కూరల గురించి చెబితే ఆ పాఠం మరవరు.

ఆ వలయంలోనే మెగ్నీషియం బదులు ఇనుము ఉంటే అది హీమ్. మన నెత్తురు ఎరుపు దాని వల్లనే. ఆకుకూ రక్తానికీ మూల నిర్మాణం ఒకటే, నడుమ లోహం వేరు. ఇక్కడ విద్యార్థులు తరచుగా చేసే పొరపాటు ఒకటుంది. ఇనుము లోపిస్తే ఆకు పాలిపోతుంది కనుక పత్రహరితంలో ఇనుము ఉందని రాస్తారు. పత్రహరితంలో ఇనుము లేదు. దాన్ని తయారు చేసే ఎంజైముల్లో కొన్నింటికి ఇనుము కావాలి. వంటలో పడని గరిటె లేనిదే వంట కానట్టు.

రొయ్యలో కథ ఇంకోలా ఉంటుంది. బంటుమిల్లి, కైకలూరు వైపు చెరువుల్లో పెరిగే రొయ్య నెత్తురులో హీమ్ ఉండదు, రాగి ఉన్న హీమోసయనిన్ ఉంటుంది. ప్రాణవాయువు అందినప్పుడు అది లేత నీలం, లేనప్పుడు దాదాపు రంగు లేనిది. కాబట్టి చెరువు గట్టు మీద రొయ్యను కోసి చూసి నెత్తురు లేదని ఎవరూ కంగారు పడనక్కర్లేదు.

ఒక్క లోహం మారితే రంగు మారుతుందన్న సంగతి పామర్రుకు కొంత దూరంలోని పెడనలో తరతరాలుగా తెలిసినదే. కలంకారీ అద్దకంలో కరక్కాయ కషాయం పట్టించిన గుడ్డ మీద పటిక అద్దిన చోట చిరివేరు ఎరుపును ఇస్తుంది. తుప్పు ఇనుము, బెల్లం కలిపి పులియబెట్టిన నీటిని అద్దిన చోట అదే గుడ్డ నలుపు తిరుగుతుంది. అద్దకంవారు దాన్ని అల్యూమినియం, ఇనుము అనకపోవచ్చు. ఏది ఎక్కడ పడితే ఏ రంగు తేలుతుందో వారికి తెలుసు.

ఇనుము సంగతి ఇక్కడితో ఆపలేను. వరి నారు పాలిపోతే మనం పొలానికి పరుగెత్తుతాం. ఆ నారు పీకి నాట్లు వేసే మహిళల్లో ఎందరి కంటి రెప్పల లోపలి భాగం పాలిపోయి ఉంటుందో చూడం. మన రాష్ట్రంలో 15 నుంచి 49 సంవత్సరాల మహిళల్లో సగానికి మించి రక్తహీనత ఉన్నట్టు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నాయి. కారణాలు అనేకం కాని ఇనుము లోపం వాటిలో ప్రధానమైనది. ఆకు మీద పిచికారీ చేసే అన్నభేది రసాయనికంగా ఫెర్రస్ సల్ఫేట్. ఇనుము మాత్రల్లో ఎంతో కాలంగా వాడుతూ వచ్చిన లవణం కూడా అదే. పొలంలో వాడే సరుకు తినడానికి పనికిరాదని ఇక్కడే చెప్పాలి. మాత్ర ఆరోగ్య కేంద్రం నుంచే రావాలి. అయినా క్షేత్ర దినోత్సవంలో ఇనుప ధాతు లోపం గురించి అరగంట మాట్లాడే మనం, వెనుక వరుసలో కూర్చున్నవారికి ఒక్క నిమిషం ఈ సంగతి చెబితే తప్పేమిటని నా అభిప్రాయం.

హీమ్ పాతబడి విరిగినప్పుడు మొదట ఆకుపచ్చని బిలివెర్డిన్, తరువాత పసుపు బిలిరుబిన్ ఏర్పడతాయి. దెబ్బ తగిలిన చోట కమిలిన నలుపు నాలుగు రోజుల్లో ఆకుపచ్చగా, తరువాత పసుపుగా మారడం దీనివల్లనే. కామెర్లలో కళ్లు పసుపు తిరగడానికి కారణం ఒంట్లో నిలిచిపోయిన బిలిరుబిన్. కామెర్లకు 'పచ్చ' అని పేరు పెట్టినవారు రసాయనం చదువుకోలేదు, కాని మాట సరిపోయింది.

తిండితో వచ్చిన రంగులు

కెరోటినాయిడ్లను మొక్కలు, నాచు, కొన్ని సూక్ష్మజీవులు తయారు చేసుకుంటాయి. జంతువులు దాదాపుగా ఏవీ చేసుకోలేవు, తిని తెచ్చుకోవాలి. దీనికి ఒక వింత మినహాయింపు మన చేలలోనే ఉంది. బఠాణీ పేనుబంక కెరోటినాయిడ్లను సొంతంగా చేసుకుంటుందనీ, అందుకు కావలసిన జన్యువులు దానికి పూర్వం ఎప్పుడో శిలీంధ్రాల నుంచి చేరాయనీ 2010లో వెల్లడైంది. పులికాట్‌కు వచ్చే రాజహంసల గులాబీ రంగు మాత్రం తిన్న తిండిదే.

డెల్టాలో నూకలు, తవుడు తిని పెరిగే కోడి గుడ్డులో సొన లేత రంగులో ఉంటుంది. తెల్లబియ్యపు నూకలో కెరోటినాయిడ్లు లేవు. పసుపు మొక్కజొన్న తిన్న కోడి సొన పసుపుగా, దొడ్లో ఆకులు ఏరుకుని తిన్న నాటుకోడి సొన నారింజ ఛాయలో ఉంటుంది. సొన రంగును బట్టి మాంసకృత్తులు ఎక్కువని చెప్పడానికి వీల్లేదు. రంగు కోడి ఏమి తిన్నదో చెబుతుంది, అంతే. మేతలో బంతిపూల సారం కలిపితే సొన రంగు కోరిన ఛాయకు తేవచ్చు.

పాల సంగతి ఇంతకంటే ఆసక్తికరం. ఒకే గడ్డి తిన్న ఆవు పాలు లేత పసుపు, గేదె పాలు తెలుపు. గేదె గడ్డిలోని బీటా కెరోటిన్‌ను దాదాపు పూర్తిగా విటమిన్ ఎ గా మార్చుకుంటుంది. విటమిన్ ఎ కి రంగు లేదు. ఆవు కొంత కెరోటిన్‌ను మార్చకుండానే వెన్నలోకి వదులుతుంది. గేదె నెయ్యి తెల్లగా ఉందని పోషకం తక్కువనుకోవడం అందువల్ల సరికాదు. ఆవు నెయ్యికి ఉన్న ఈ పసుపును చూసి ధర పెట్టే కొనుగోలుదారును మోసం చేయడం సులువు. మన ఏజెన్సీలో పండే జాఫ్రా గింజ రంగు చిటికెడు చాలు.

రొయ్య పెంకులోని ఆస్టాజాంథిన్ కూడా ఈ కుటుంబానిదే. పచ్చి రొయ్యలో ఇది ఒక మాంసకృత్తును అంటిపెట్టుకొని ఉండడం వల్ల బూడిద, నీలి ఛాయలు కనిపిస్తాయి. వేడికి ఆ మాంసకృత్తు చెడి పట్టు వదలగానే అసలు ఎరుపు బయటపడుతుంది. ఎరుపు పొయ్యి మీద పుట్టినది కాదు, రొయ్యలో మొదటి నుంచీ ఉన్నదే. మేతలో కెరోటినాయిడ్లు చాలకపోతే టైగర్ రొయ్య ఉడికించాక కూడా పాలిపోయి ఉంటుంది, ధర తగ్గుతుంది. సొనలోనూ రొయ్యలోనూ కనిపించే ఈ లోటును సరిదిద్దవలసింది మేతలో, మందుల కొట్లో కాదు.

ఎరుపు గింజ నుంచి తెల్లబియ్యం

అడవి వరి గింజ పైపొర ఎరుపు. సాగులోకి వచ్చిన వరిలో ఎక్కువ భాగం తెలుపు. ఈ మార్పు వెనుక ఉన్నది ఆర్.సి. అనే జన్యువులో 14 క్షారాల జతలు ఊడిపోవడమని 2006లో తేలింది. జన్యువు పనిచేయకపోవడం వల్ల పైపొరలో ఎరుపునిచ్చే ప్రోఆంథోసయనిడిన్లు తయారు కావు. అంటే మనం మేలైనదని ఎంచుకున్న తెల్లదనం ఒక పని ఆగిపోవడమే. విత్తనోత్పత్తి క్షేత్రంలో ఎర్ర గింజల కేళీలు ఎందుకు అంత మొండిగా తిరిగి వస్తాయో దీన్నిబట్టి కొంత ఊహించవచ్చు. ఎరుపే పాత స్థితి. పైగా ఎర్ర పైపొర ఉన్న కలుపు వరికి నిద్రావస్థ ఎక్కువ, నేలలో పడి తరువాతి పంటలో మొలుస్తుంది.

ఇప్పుడు గాలి తిరిగింది. బాపట్ల నుంచి వచ్చిన నల్ల గింజ బి.పి.టి. 2841, ఎర్ర గింజ బి.పి.టి. 2858 కోసం రైతులు అడుగుతున్నారు. నల్ల బియ్యంలోని రంగు ఆంథోసయనిన్లది. అది పైపొరకే పరిమితం. మామూలు మిల్లులో పాలిష్ పట్టిస్తే చేతికి వచ్చేది తెల్లబియ్యమే, రంగు తవుడులో పోతుంది. పొట్టు మాత్రమే తీసే మిల్లు అందుబాటులో ఉందో లేదో చూసుకోకుండా ఎకరాలకు ఎకరాలు నాటవద్దని చెప్పడం మన బాధ్యత. ఆంథోసయనిన్లు నీటిలో కరుగుతాయి కనుక ఎక్కువసార్లు కడిగినా నష్టమే. ఈ బియ్యం ఫలానా జబ్బును నయం చేస్తుందని సంచుల మీద ముద్రిస్తున్న మాటలను మాత్రం మన వేదికల మీద వల్లించకూడదు.

వరి తరువాత దుక్కి లేకుండా వేసే మొక్కజొన్నలో, చలి రోజుల్లో లేత మొక్కల ఆకు అంచులు ఊదా రంగుకు తిరగడం చూసే ఉంటారు. ఇక్కడ ఒక వర్ణద్రవ్యం నిజంగానే కొత్తగా వచ్చింది. భాస్వరం చాలక ఆకులో చక్కెరలు పేరుకుపోయినప్పుడు ఆంథోసయనిన్ల తయారీ పెరుగుతుంది. పసుపు అంటే పోవడం, ఊదా అంటే రావడం. రెంటినీ ఒకే గాటన కట్టరాదు.

అయితే మొక్కల్లోని ఎరుపు అంతా ఆంథోసయనిన్ కాదు. ఎర్ర తోటకూర, బీట్‌రూట్, కాగితం పూలు వేరే కుటుంబానికి చెందిన బీటాలైన్లతో రంగు తెచ్చుకుంటాయి. ఈ రెండు కుటుంబాలూ ఒకే మొక్కలో సహజంగా కలిసి కనబడవు. తేడా చూడాలంటే మందార రేకుల కషాయంలో నిమ్మరసం పిండితే ఎరుపు తేరుకుంటుంది, వంట సోడా వేస్తే ఆకుపచ్చ వైపు తిరుగుతుంది. బీట్‌రూట్ నీటిలో నిమ్మరసం పిండినా రంగు పెద్దగా మారదు. పాఠశాల పిల్లలకు చూపించదగిన ప్రయోగం. మా విద్యార్థులు గ్రామాల్లో చేసి చూపితే రైతుల కంటే వారి పిల్లలే ముందు వరుసలో నిలబడ్డారు.

తెల్ల ఒంగోలు, నల్ల తోలు

ఒంగోలు గిత్త తెల్లనిదే. కాని వెంట్రుకలు పక్కకు జరిపి చూడండి, తోలు నలుపు. ముట్టె, కనురెప్పలు, గిట్టలు, తోక కుచ్చు కూడా నలుపే. తెల్లని వెంట్రుక ఎండను తిప్పికొడుతుంది. దాన్ని దాటి వచ్చిన అతినీలలోహిత కిరణాలను తోలులోని మెలనిన్ పీల్చుకుంటుంది. లాం పశు పరిశోధన స్థానంలో ఈ పశువులను దగ్గరగా చూసినవారికి ఇది కొత్త కాదు. బ్రెజిల్‌లో నెల్లూరు పేరుతో ఈ జాతి విస్తరించడానికి ఎండను తట్టుకునే ఈ శక్తి తోడ్పడింది.

మెలనిన్ తయారీలో తొలి అడుగు వేయించే ఎంజైము టైరోసినేజ్. దానికి రాగి కావాలి. రాగి లోపించిన గేదెలో నల్లని వెంట్రుకలు తుప్పు రంగుకు మారతాయి. మేతలో మాలిబ్డినం, గంధకం ఎక్కువైతే రాగి ఉన్నా ఒంటపట్టదు. ఎండకు వెంట్రుక రంగు తగ్గడం కూడా ఉంది కనుక, రంగు ఒక్కటే చూసి నిర్ధారించక పశువైద్యుని సలహాతో ఖనిజ లవణ మిశ్రమం ఇవ్వాలి. మినుము ఆకు దగ్గర చెప్పుకున్న జాగ్రత్తే ఇక్కడా.

పాఠ్యపుస్తకాలు అంతగా చెప్పని మరో దారి కూడా రంగుకు ఉంది. మన రాష్ట్ర పక్షి రామచిలుక ఆకుపచ్చలో పత్రహరితం లేదు, కెరోటినాయిడ్ కూడా లేదు. చిలుకలు మాత్రమే చేసుకోగల సిట్టకోఫల్విన్ అనే పసుపు ద్రవ్యం, ఈక నిర్మాణం వల్ల చెదిరే నీలి కాంతి కలిసి ఆ ఆకుపచ్చను ఇస్తాయి. ఈకను నూరితే ఆ ఆకుపచ్చ నిలవదు.

మనిషిలో చర్మం, వెంట్రుక, కంటి రంగు ప్రధానంగా మెలనిన్‌దే. నలుపు, గోధుమ ఛాయల యూమెలనిన్, ఎరుపు పసుపు ఛాయల ఫియోమెలనిన్. అందరి చర్మంలోనూ మెలనిన్ తయారు చేసే కణాల సంఖ్య దాదాపు సమానమే. ఆ కణాలు చేసే మెలనిన్ రేణువుల పరిమాణం, సంఖ్య, అమరికలోనే తేడా. ఎండ తీవ్రమైన ప్రాంతాల్లో ఫోలేట్‌ను కాపాడడానికి ముదురు చర్మం, ఎండ తక్కువ ప్రాంతాల్లో విటమిన్ డి తయారీకి లేత చర్మం నిలిచాయన్నది శాస్త్రవేత్తల్లో ప్రధానంగా వినిపించే వివరణ.

2005లో గోల్డెన్ అనే లేత చారల జీబ్రా చేపను పరిశోధించినవారు ఎస్.ఎల్.సి.24ఎ5 అనే జన్యువును కనుగొన్నారు. మనుషుల్లో ఇదే జన్యువులో ఒక్క అక్షరం మారి, ప్రోటీన్‌లో 111వ స్థానంలోని అలనిన్ బదులు థ్రియోనిన్ వచ్చిన చోట చర్మం లేత రంగుకు వస్తుంది. ఈ మార్పు మన దేశంలో ఎలా పరచుకున్నదో హైదరాబాద్‌లోని సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు విదేశీ సహచరులతో కలిసి అధ్యయనం చేసి 2013లో ప్రకటించారు. దక్షిణాదికి చెందిన 1228 మందిలో చర్మపు రంగు తేడాలో సుమారు 27 శాతాన్ని ఈ ఒక్క మార్పు వివరించింది. భారత ఉపఖండంలోని 54 జన సముదాయాల్లో ఇది వేర్వేరు నిష్పత్తుల్లో కనిపించింది. దీని పుట్టుక 22 నుంచి 28 వేల సంవత్సరాల నాటి ఒకే మూలం నుంచి అని, యూరపులోనూ ఇక్కడా ఉన్నది ఒకే మార్పు అని తేలింది. పెళ్లి సంబంధాల్లో 'చామనఛాయ' అన్న మాటకు మనం కట్టే వెలలో పావు వంతుకు పైగా ఒక్క అక్షరానికి చెందుతుందన్నమాట. ఆ అక్షరాన్ని క్రీములు మార్చలేవు. తెల్లబరుస్తామని చెప్పే కొన్నింటిలో పాదరసం ఉండి, మెలనిన్ తయారీని అడ్డుకోవడంతో పాటు మూత్రపిండాలను దెబ్బతీస్తుంది.

ఇక తిరిగి ఆ జనవరి ఉదయానికి వస్తాను. ఆకు తిప్పి చూసిన విద్యార్థిని చేతుల మీద బొల్లి మచ్చలున్నాయి. మేము మాట్లాడుతుండగా రైతు తల్లి మజ్జిగ తెచ్చారు. అందరికీ చేతికిచ్చి, ఆ అమ్మాయి గ్లాసు మాత్రం గట్టు మీద పెట్టారు. కాసేపటికి ఆమే అడిగారు.

"ఏమ్మా, ఆ మచ్చలు అంటుకుంటాయా? ఈ చేనుకూ ఇలాగే ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు పాకుతోంది కదా."

"లేదండి మామ్మగారూ. మినుముకు వచ్చింది దోమ మోసుకొచ్చే వైరస్. నాది జబ్బు పాకడం కాదు, రంగు చేసే కణాలు కొన్ని చోట్ల పోయాయి. మన ఒంట్లో రక్షణ చేసే కణాలే వాటిని శత్రువులనుకొని చంపేస్తాయి. ముట్టుకున్నా, కలిసి తిన్నా ఎవరికీ రాదు."

ఆమె కొంతసేపు మాట్లాడలేదు. "మా ఆడపడుచు కూతురికి ఇలాగే వస్తే పళ్లెం వేరు పెట్టామమ్మా" అన్నారు. రెండోసారి మజ్జిగ పోసినప్పుడు గ్లాసు చేతికే ఇచ్చారు. బొల్లి కుష్టు కాదనీ, అంటువ్యాధి కాదనీ నేను ఎన్నో సభల్లో విన్నాను. పల్లాకు తెగులు చూసిన కళ్లకు మచ్చ అంటే పాకేదేనని అనిపించడం సహజమని మాత్రం ఆ రోజే తెలిసింది.

ఆ మధ్యాహ్నం విద్యార్థులు రైతుతో కలిసి తెగులు సోకిన మొక్కలను పీకి నాశనం చేశారు. చేనులో జిగురు పూసిన పసుపు అట్టలు అమర్చి తెల్లదోమ ఉధృతిని లెక్కించడం మొదలుపెట్టారు. దోమను అదుపు చేయడానికి చేయవలసిన పిచికారీని ఆ లెక్కను బట్టి నిర్ణయించాం. రెండో డబ్బా శిలీంధ్ర నాశని. దాని అవసరమే లేదు, మూత తీయలేదు కనుక కొట్టుకు తిరిగి ఇచ్చేశారు. వచ్చే రబీకి పల్లాకును తట్టుకునే రకాల పేర్లు రాసివ్వమని ఆయన అడిగారు. పి.యు. 31, టి.బి.జి. 104, ఘంటసాల నుంచి వచ్చిన జి.బి.జి. 1 అని ఆ అమ్మాయే తన పుస్తకంలోంచి కాగితం చించి రాసిచ్చింది.